ఇంటర్వెల్ దాకా నాన్న, ఆ పైన చిన్నాన్న

మా హాల్లో ఇంటర్వెల్ ఉండదు. ఆ ముక్క తలుపు మీద ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయించి పెట్టింది నేనే. సినిమా మొదలైందంటే తలుపుకి గడియ పడుతుంది, మధ్యలో దీపాలు వెలగవు, పల్లీల పొట్లం చప్పుడైతే నేను తల తిప్పి చూస్తాను. ఆ చూపుకి భయపడి ఒక ప్రొఫెసరుగారు పల్లీలు నమలకుండా మింగేశారని మా విద్యార్థులు కథలు చెప్పుకుంటారు. అదంతా అబద్ధం. ఆయనకి కాస్త పొలమారింది, అంతే.

బరంపురం ఊరి బయట మా యూనివర్సిటీలో విరిగిన బెంచీలు పడేసుకునే పాత గోడౌను ఒకటి ఉండేది. నేను చదువుకునే రోజుల్లో మేం కొందరం కలిసి దాన్ని ఊడ్చి, ఒక గోడకి సున్నం కొట్టి, దాని మీద సినిమాలు వేసుకోవడం మొదలుపెట్టాం. బజార్లో మామూలు హాళ్లలోకి రాని సినిమాలు, ఎక్కడెక్కడి దేశాలవో, ఎవరూ డాన్సు చెయ్యనివి. తర్వాత పెద్ద బజారు పక్కనున్న పాత సినిమా హాలు మూతపడితే దాని కుర్చీలు తెచ్చి వేశాం. తెర వచ్చింది, మంచి ప్రొజెక్టరు వచ్చింది. నేను అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, ఆ హాలు పెత్తనం కూడా నెత్తిన వేసుకున్నాను. మొన్న ఆ హాలుకి పాతికేళ్లు నిండాయి.

వారం రోజుల పండగ అనుకున్నాం. ఆ వారం నా కాళ్లు నేల మీద ఆనలేదంటే నమ్మండి. ఇంట్లో రెండు పూటలు కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, మా ఆయన నోరెత్తకుండా తిన్నాడు. గోపాల్‌పూర్‌లో పడవల మధ్య గడకర్రలు పాతి, దుప్పటంత తెర కట్టి, జాలర్ల పేటవాళ్లకి ఒక సినిమా వేశాం. సముద్రం గాలికి తెర పొంగి కథానాయిక ముక్కు గుమ్మడికాయంత అయ్యేది, గాలి తగ్గగానే మళ్లీ సంపెంగ మొగ్గ అయ్యేది. ముక్కు పెద్దదైనప్పుడల్లా జనం చప్పట్లు. నాతో వచ్చిన పెద్దమనుషులు చిన్నబుచ్చుకున్నారు గాని, నేను మాత్రం ఇసకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను.

అయితే ఇదంతా పై సందడి. ఆ పండగలో నాక్కావలసింది ఒక్కటే. చివరి రోజు సాయంత్రం మా నాన్న, మా చిన్నాన్న పక్కపక్కన కూర్చుని ఒక సినిమాని మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఇంతోటి కోరికా అని నవ్వకండి. వాళ్లు పుట్టి బుద్ధెరిగాక అలా ఒక్క సినిమా చూడలేదు.

మాది పెద్ద బజారులో చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేలు కొట్టు. గల్లా దగ్గర అన్నదమ్ములిద్దరిలో ఒకరు ఎప్పుడూ ఉండాల్సిందే. ఇద్దరిలో ఎవడు మూడు గంటలు కొట్లో కనపడకపోయినా అది కొట్టు కాదు, సత్రం అనేవాడు మా తాత. గంటా గంటన్నర అయితే సరే. అందుకని అన్నదమ్ములు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే మ్యాటినీ టికెట్టు. నాన్న పెద్దవాడు గనక ఇంటర్వెల్ దాకా ఆయన చూసేవాడు. గంట కొట్టగానే లేచి కొట్టుకి నడిచేవాడు, ఇటు నుంచి చిన్నాన్న బయల్దేరేవాడు. హాలు రెండు సందుల అవతలే. సందు మలుపులో చింపిన టికెట్టు ముక్క చేతులు మారేది. ఆ రెండు నిమిషాలూ ఎదురు కొట్టాయన మా గల్లా మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. హాలు గేటు దగ్గరి మనిషికి ఈ సంగతి ఎంత అలవాటంటే, నాన్న వెళ్తుంటే ‘సగం పంపండి’ అనేవాడట.

రాత్రి భోజనాల దగ్గర మాకు ఆ సినిమా చెప్పేవారు. మొదటి సగం నాన్న, రెండో సగం చిన్నాన్న. నాన్న చెప్పేది ఉత్త బేరం మాటలా ఉండేది. ఎవరు ఎవరి కొడుకు, ఎవరికి ఎవరితో తగువు, చీర రంగేమిటి. ఇంటర్వెల్ దాకా వచ్చి ఠక్కున ఆపి, ‘ఊఁ, నువ్వు సెప్పు’ అని చిన్నాన్న వైపు తిరిగేవాడు. చూడని సగం కోసం నాన్న మాకంటే ఎక్కువ ఆత్రపడేవాడు. ముద్ద చేతిలోనే ఎండిపోయేది. చిన్నాన్న చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ, మధ్యలో పీట మీంచి లేచిపోతూ చెప్పేవాడు. చిన్నాన్న చెప్పిన సినిమాల్లో చివరికి అందరూ ఇంటికి వచ్చేవాళ్లు. తప్పిపోయిన పిల్లలు దొరికేవాళ్లు, జబ్బు చేసిన తల్లులు లేచి వంట చేసేవాళ్లు.

నేను కాలేజీలో ఉండగా ఒకరోజు టీవీలో అందులో ఒక సినిమా వచ్చింది. చూస్తుండగానే నాయకుడు కొండ మీంచి పడి చచ్చిపోయాడు! చిన్నాన్న చెప్పినప్పుడు అతను అదే కొండ మీద పెళ్లి చేసుకున్నాడు. నేను వంటింట్లోకి పరిగెత్తి, అప్పుడే కాఫీకి వచ్చిన చిన్నాన్నని నిలదీశాను. ఆయన అటూ ఇటూ చూసి, నోటి మీద వేలేసుకుని, ‘మీ నాన్నకి సెప్పకు అమ్మీ’ అన్నాడు. చెప్పలేదు. నాన్నకి తెలిసే దారి కూడా లేదు. టీవీ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో గురక పెట్టే మనిషి ఆయన.

ఇప్పుడు నాన్న ఎనభైకి దగ్గరపడ్డాడు, చిన్నాన్న ఆయన వెనకాలే ఉన్నాడు. ఇద్దరూ ఇప్పటికీ గల్లా దగ్గరే కూర్చుంటారు. రెండు పాసులు పట్టుకుని కొట్టుకి వెళ్లాను. నాన్న ముందు ఒప్పుకోలేదు.

“దీపాలేళ కొట్టు కట్టేస్తే లచ్చిమి ఏటనుకుంటాది అమ్మీ?”

“కూతురి హాలుకెల్లేరు అనుకుంటాది. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, నా రచ్చ పాతికేళ్ల నుంచి నడుస్తంది. ఇంట్లోవాళ్లే ఒక్కసారి రానేదు,” అన్నాను. కోపంగానే అన్నాను. నిజంగానే కోపం ఉంది.

నాన్న చేతిలో మిరపకాయ తొడిమ తుంపి, “సరే, వస్తాం” అన్నాడు. నేను కొట్లోనే గెంతాను. బస్తాలు మోసే మనుషులు నవ్వారు.

చిన్నాన్న మాత్రం నా వెనకే సందు చివరిదాకా వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

“ఆ సినిమా సివర్న ఎలాగుంటాది అమ్మీ? మంచిగానే ఉంటాదా?”

“సివర్న ఏటయిందో సెప్పరు సిన్నాన్నా. మనమే అనుకోవాలి.”

“సెప్పకపోతే మరి సినిమా ఎందుకు తీసినాడు?” అని కసిరాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “నువ్వు నవ్వుతావు గాని, పక్కన కూకుని సూస్తే మీ నాన్నకి తెలిసిపోద్ది. నాను ఇంటికొచ్చి ఎలాగ సెప్పేవోణ్నో తెలిసిపోద్ది. ఇన్నేళ్లూ ఎంతమందిని బతికించీసేనో నాకే గురుతు నేదు.”

నాకు నవ్వొచ్చింది, ఆయన కళ్లు చూసి ఆగిపోయాను. ఆ కళ్లలో నిజమైన భయం ఉంది. అన్న దగ్గర ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్న మాట పోతుందని భయం. ఒక్క సినిమాకి ఏం కాదులే అని సర్దిచెప్పి వచ్చాను.

చివరి రోజు వచ్చింది. గుమ్మానికి బంతిపూలు కట్టించాను, కుర్చీలు తుడిపించాను, నేనూ పట్టుచీర కట్టుకున్నాను. మా బరంపురం పట్టే. అయిదు గంటలకి సినిమా. అయిదవుతుండగా ఆటో దిగి నాన్న వచ్చాడు, చలవ చేసిన పంచెతో, ఒక్కడే.

“సిన్నాన్నేడి?”

“కొట్లో ఉన్నాడు,” అన్నాడు నాన్న, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. జేబులోంచి ఒక పాసు తీసి నా చేతిలో పెట్టాడు. “మాకు ఒకటి సాలమ్మా. ఇది ఇంకెవులికైనా ఇయ్యి.”

ఆయన్ని మూడో వరసలో కూర్చోబెట్టి పక్క కుర్చీ మీద ఆ రెండో పాసు పెట్టాను. నాన్న కుర్చీ చేతుల మీది ఇనుప పువ్వు తడిమి, “ఓరి, ఇవి మన హాలు కుర్చీలే” అని మురిసిపోయాడు. దీపాలు ఆరుతున్నాయి. అప్పుడు అడిగాడు.

“ఇంటర్వెల్ ఎన్నింటికి?”

“ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు నాన్నా.”

“ఇంటర్వెల్ నేకపోతే మీ సిన్నాన్న ఎలాగొస్తాడు?”

అంత చీకట్లోనూ ఆయన ముఖంలో కంగారు కనపడింది. వెంటనే తేరుకుని, “పర్లేదు, వాచీ ఉంది. ఆరుంబావుకి లేస్తాను. ఆడికి ఆరుంబావనే సెప్పేను,” అన్నాడు. తెర మీద మంచుకొండ వచ్చింది. నేను తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆ సినిమా నేను ఎన్నిసార్లు చూశానో. ఆ రోజు మాత్రం తెర వైపు చూడలేదు, మూడో వరస వైపే చూశాను. నిజానికి చూడక్కర్లేదు, వింటే చాలు. మా వాళ్ల బట్టలు ఎన్నిసార్లు ఉతికినా మిరపకాయ ఘాటు పోదు. నాన్నకి అటుపక్క కూర్చున్న లెక్చరరుగారు తుమ్మారు. ఆయన వెనకావిడ తుమ్మింది. తెర మీద మంచులో ముసలాయన నడుస్తున్నాడు, మూడో వరసలో తుమ్ములు నడుస్తున్నాయి.

ఆరుంబావుకి తుమ్ములు ఆగిపోయాయి. నాన్న లేచాడన్నమాట. సరిగ్గా అప్పుడే బయట తలుపు చప్పుడైంది. గడియ దగ్గర గంజాం నుంచి వచ్చే మా రీసెర్చి అమ్మాయి కాపలా ఉంది. నాకంటే కఠినురాలు. తలుపు బెత్తెడు తీసి, టికెట్టు చూపించండి అంటోంది ఒడియాలో. చిన్నాన్న రొప్పుతూ, టికెట్టు లోపల మా అన్న జేబులో ఉంది, మొదటి సగం ఆయన చూసేశాడు, రెండో సగం నాది అని ఒడియాలోనే మొత్తుకుంటున్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, “మాడమ్, కణ కరిబి?” అంది, ఏం చెయ్యమంటారని.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే దాన్ని నేను. పాతికేళ్లలో ఒక్క దీపం వెలిగించనివ్వలేదు. ఇటు చూస్తే చీకట్లో కుర్చీలు తడుముకుంటూ మా నాన్న, అటు చూస్తే తలుపు సందులో మా చిన్నాన్న ముక్కు. ఇంకేం నియమం! ప్రొజెక్టరు గదిలోకి పరిగెత్తి “ఆపండి!” అన్నాను. ఎక్కడో నిప్పంటుకుందనుకుని ప్రొజెక్టరు నడిపే ఆయన బెదిరిపోయి అన్ని స్విచ్చులూ ఒకేసారి నొక్కేశాడు. హాలంతా వెలుగు. జనం కళ్లు చికిలించుకుని నా వైపు తిరిగారు.

“ఇంటర్వెల్!” అని అరిచాను.

వెనక వరసలోంచి ఒక ఈల. చూస్తే పల్లీల ప్రొఫెసరుగారు! ఈల వేసి, జేబులోంచి పొట్లం తీసి, నేను చూస్తుండగానే ఫళఫళలాడిస్తూ విప్పారు. ఇంక ఆగుతారా? హాలంతా ఈలలు, చప్పట్లు, టీ కోసం పరుగులు. మా విద్యార్థులు కుర్చీలెక్కి గెంతారు. నా హాల్లో! నాకు కోపం రావాలి, రాలేదు. ఒళ్లంతా తేలిపోయింది.

చిన్నాన్న గబగబా లోపలికొచ్చి దారి మధ్యలో నాన్నకి ఎదురుపడ్డాడు. గుప్పిట్లో తాళాల గుత్తి.

“ఇదిగో అన్నియ్యా తాళాలు. ఎల్లు.”

నాన్న టికెట్టు ముక్క ఆయన చేతిలో పెట్టి, తాళాలు తీసుకుని రెండడుగులు వేసి ఆగాడు.

“ఒరే, నువ్విక్కడుంటే కొట్లో ఎవులున్నారు?”

“నువ్వున్నావు గదా.”

“నానిక్కడే ఉన్నాను గదరా!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చేత్తో ఎత్తి చింతపండు బస్తా బరువు చెప్పే మనుషులు, హాలు ఇప్పుడు రెండు సందుల అవతల లేదన్న సంగతి మర్చిపోయారు. ఊరి బయటికి ఆటోలో అరగంట. ఏర్పాటు మాత్రం పాతదే. నేను గోడకి ఆనుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ముందు చిన్నాన్న నవ్వాడు, తర్వాత నాన్న కూడా నవ్వాడు, తాళాల గుత్తి గలగల్లాడేలా.

“తాళం ఎలాగూ ఏసేసేరు. నువ్వెల్లి తీసీసరికి మళ్లీ కట్టే ఏలవుద్ది నాన్నా,” అన్నాను.

“మరి లచ్చిమి?”

“ఆవిడకీ ఒకపూట ఇంటర్వెల్ ఇయ్యి.”

నాన్న తిరిగి వచ్చి కూర్చున్నాడు. పక్క కుర్చీలో చిన్నాన్న. చుట్టుపక్కల వాళ్లు చేతిరుమాళ్లు బయటికి తీశారు. “ఆడు మొదటి సగం సూణ్ణేదు. సెప్పకండా ఎలాగ?” అని నాన్న మొదలుపెట్టాడు. “కొండూరు. ముసిలోడు, ముసిల్ది, ఒక మేక. మేక మెడలో గంట. ఒకనాడు పొద్దున్న లేసి సూస్తే మేక నేదు. ముసిలోడు కర్ర పట్టుకుని ఎతకడానికి కొండెక్కినాడు. ఎల్లొద్దంది ముసిల్ది, ఇన్నాడా? ఇన్నేదు. నడిసినాడు, నడిసినాడు, బూటులోకి మంచెల్లిపోయింది. అక్కడ తుప్పకి మేక గంట తగులుకునుంది. మేక నేదు. గంట తీసి జేబులో ఏసుకున్నాడు. అంతవరకు వచ్చింది.”

ఆ ముసలాయన నడక మీద నేను తరగతిలో మూడు గంటలు పాఠం చెబుతాను. నాన్న టీ చల్లారేలోగా చెప్పేశాడు. చుట్టూ మూగిన ఒడియా పిల్లలు కూడా ఊఁ కొట్టారు. దీపాలు ఆర్పించాను.

రెండో సగంలో ఇద్దరూ కదల్లేదు. తెర మీద మేక తనంతట తానే ఇల్లు చేరింది, ముసలాయన చేరలేదు. ముసలావిడ రోజూ గుమ్మంలో దీపం పెట్టి కూర్చుంటుంది. చివరికి అంతా తెల్లటి మంచు, ఆవిడ తల ఎత్తుతుంది, ఎక్కడో దూరంగా గంట చప్పుడు. మనిషో, గాలో తెలియదు. అంతే, సినిమా అయిపోతుంది. చిన్నాన్న తెర వైపు కాక నాన్న ముఖం వైపే చూస్తున్నాడు. నాన్న ముఖంలో నాకేమీ కనపడలేదు.

ముగ్గురం ఆటోలో మా పుట్టింటికి బయల్దేరాం. దారిలో కొట్టు ముందు ఆపించి నాన్న తాళం లాగి చూసుకున్నాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని భోజనాలకి కూర్చున్నాం. అమ్మ పప్పుచారు, పిన్ని వడియాలు వడ్డించారు. ఏం సినిమా అని అమ్మ అడిగింది. నాన్న మళ్లీ కొండూరు నుంచి మొదలుపెట్టి, గంట జేబులో వేసుకున్న దగ్గర ఠక్కున ఆపి, పక్కకి తిరిగాడు.

“ఊఁ, నువ్వు సెప్పు.”

చిన్నాన్న ముద్ద ఆగిపోయింది. “నువ్వూ సూసేవు గదా అన్నియ్యా.”

“సూస్తే? రెండో సగం నీది.”

చిన్నాన్న గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మేక ఇల్లు చేరింది, ముసలావిడ దీపం పెట్టింది, మంచు కురిసింది. చేతులు తిరగడం లేదు, గొంతు మారడం లేదు. గంట చప్పుడు దాకా వచ్చి ఆగిపోయాడు.

“మరి ముసిలోడు?” అంది పిన్ని.

చిన్నాన్న తల వంచుకున్నాడు. నాన్న చారులో అన్నం కలుపుతూనే అన్నాడు. “సెప్పరా. పుట్టినకాడ నించి బజార్లో కూకున్నాను. ఏ సినిమాలో ఎవులు పోయేరో నాకు ఎవులూ సెప్పలేదనుకున్నావేటి? నీ నోట ఇందావనే గదా ఇంటికొచ్చీవోణ్ని.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, వడియం కొరికి కప్పిపుచ్చుకున్నాను. చిన్నాన్న అన్న ముఖంలోకి చూశాడు. మెల్లగా పీట మీద సర్దుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి పైకి లేచింది.

“వచ్చీసినాడు!” అన్నాడు, గొంతు మార్చి. “మేక గంట తన మెడలో ఏసుకుని, గణగణమని వాయించుకుంటా వచ్చీసినాడు. మేక గురుతుపట్టీసి ఎదురెల్లిపోయింది. ముసిల్ది తిట్టింది, తిట్టి, ఏడి నీళ్లెట్టింది.”

“అమ్మయ్య,” అంది పిన్ని. నాన్న తల ఊపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అమ్మకి మాత్రం అనుమానం పోలేదు. సినిమాల సంగతి చదువుకున్నదాన్ని నేనే కదా అని నా వైపు తిరిగింది.

“నిజంగా వచ్చేడేటే?”

“వచ్చేడమ్మా,” అన్నాను. “నాను సూసేను.”